మధ్యాహ్నమైతే ఓవెన్ పైలట్ మంట ఆరిపోతోంది, థర్మోకపుల్ మార్చినా అంతే

బన్ను_బ్రెడ్డు (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురం పాతూరు వైపు మాకో చిన్న బేకరీ ఉంది. బ్రెడ్డు, బన్ను, దిల్‌పసంద్, ఖారా బిస్కెట్లు, సాయంత్రానికి పఫ్‌లు, బజ్జీలు. ఓవెన్ గ్యాస్‌ది, రెండంతస్తుల డెక్ ఓవెన్. బెంగళూరులో ఒక బేకరీ మూసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాం. డిస్‌ప్లేలు, కరెంటు బోర్డులు ఏమీ లేని పాత రకం. నాబ్ నొక్కి పట్టుకొని పైలట్ వెలిగించాలి, అర నిమిషం అలాగే పట్టుకొని చేయి తీయాలి, తర్వాత నాబ్ తిప్పితే పెద్ద బర్నర్ అంటుకుంటుంది. వేడి సరిపోగానే పెద్ద బర్నర్ దానంతటదే ఆగుతుంది. మళ్లీ కావాల్సినప్పుడు పైలట్ నుంచి అంటుకుంటుంది. పైలట్ మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా వెలుగుతూనే ఉండాలి.

వెలగడం లేదు, అదే గోల. తెల్లవారుజామున నాలుగింటికి వెలిగిస్తే బ్రెడ్డు అంతా బాగానే కాలుతుంది. పదకొండు దాటిందంటే చాలు, పెద్ద బర్నర్ మళ్లీ అంటుకోవాల్సిన సమయానికి పైలట్ ఉండదు. బయట ట్రేల్లో బన్నులు పొంగి కూర్చుని ఉంటాయి, లోపల ఓవెన్ చల్లబడుతూ ఉంటుంది. మళ్లీ వెలిగించి వేడెక్కేదాకా ఆగితే పొంగిన పిండి కూలిపోతుంది. పైతొక్క ముడతలు పడుతుంది, తుంచి చూస్తే పుల్లటి వాసన. అవి అమ్మలేం, రస్కులకూ పనికిరావు.

ఉగాదికి ముందు ఒకసారి పైలట్ ఇబ్బంది పెట్టింది. అప్పుడు నాబ్ మీద చేయి తీయగానే ఆరిపోయేది. మెకానిక్ వచ్చి థర్మోకపుల్ పోయిందని కొత్తది వేశాడు, బాగైంది. ఇప్పుడు మళ్లీ మొదలైందని పిలిస్తే "వాల్వు సెట్టు మొత్తం మార్చాలక్కా" అంటున్నాడు. ఆ రకం ఇక్కడ దొరకదట, బెంగళూరు నుంచి రావాలట, ఖర్చు వేలల్లో చెబుతున్నాడు. అంత పెట్టాక కూడా ఇలాగే ఆరిపోతే ఎవర్ని పట్టుకోవాలి?

నేను గమనించినవన్నీ రాస్తున్నాను. పొద్దున చూస్తే పైలట్ మంట నీలంగా నిటారుగా ఉంటుంది. ఆరిపోయాక గ్యాస్ వాసన రాదు. సిలిండర్లు రెండు, 19 కిలోలవి, వెనక సందులో ఉన్నాయి. సిలిండర్ కొత్తదైనా అయిపోవచ్చినా తేడా ఏమీ లేదు. ఆషాఢం గాలి సంగతి ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు, షట్టరు తీస్తే పిండి డబ్బా మీద మూత నిలవదు. కానీ ఓవెన్ ఉన్నది వెనక గదిలో. దుమ్ము వస్తుందని మధ్య తలుపు మూసే ఉంచుతాం కాబట్టి అక్కడికి గాలి రాదు. తూర్పువైపు పక్కింటివాళ్లు ఈ వేసవిలో మేడ మీద ఇంకో అంతస్తు లేపారు, సిమెంటు దుమ్మంతా మా రేకుల మీదే పడింది. ఆ దుమ్ము పైలట్‌కు గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రంలో, అదే జెట్‌లో, ఇరుక్కుందేమోనని ఒక అనుమానం. వెనక గదిలోనే బజ్జీల పొయ్యి కూడా ఉంది, దాని మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్. పదకొండు ప్రాంతంలో వేస్తే రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది.

వాల్వు మార్చేయమంటారా, ముందు ఇంకేమైనా చూడమంటారా?

కర్నూలు_రస్కు

అక్కా, మాదీ ఇదే కథ. మా ఓవెన్ పైలట్ కూడా తోచినప్పుడు వెలిగేది, తోచినప్పుడు ఆరేది. మా దగ్గర పనిచేసే అబ్బాయి నాబ్ నొక్కినట్టే ఉండేలా ఇనుప తీగతో బిగించి కట్టేశాడు. అప్పట్నుంచి థర్మోకపుల్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ఎప్పుడైనా మంట ఆరితే అగ్గిపుల్ల గీసి పెట్టడమే. రంజాన్ నెలలో సాయంత్రమైతే మా షాపు ముందు నిలబడే చోటుండదు, అప్పుడు మెకానిక్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటామా? ఇప్పటికీ అలాగే నడుస్తోంది, ఏమీ కాలేదు. వాల్వుకు వేలు పోయడం దండగ.

గ్యాస్_మెకానిక్_కడప

ముందు కర్నూలు తమ్ముడితో ఒక మాట. తమ్ముడూ, ఇది చదివిన వెంటనే లేచి వెళ్లి ఆ తీగ విప్పెయ్. ఏమీ కాలేదంటే ఇంకా కాలేదని అర్థం, అంతే. తీగ కట్టాక పైలట్ ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. అది పైకి పోదు, ఓవెన్ అడుగున, గచ్చు మీద, మోరీ గుంటలో చేరుతుంది. నువ్వు నిలబడి ఉంటే ముక్కుకు వాసన తగిలేసరికి కాళ్ల దగ్గర కావలసినంత పోగై ఉంటుంది. అప్పుడు నువ్వు చేసే పనేంటి? వంగి అగ్గిపుల్ల గీయడం. ఓవెన్ తలుపు ఊడి ఎదురుగోడకు కొట్టుకున్న చోట్లకు నేను పనిమీద వెళ్లాను. తలుపుకు ఎదురుగా ఎవరూ లేకపోవడం వాళ్ల అదృష్టం.

విప్పాక, మళ్లీ వెలిగించే ముందు ఓవెన్ తలుపు బార్లా తెరిచి పెట్టు. కనీసం ఐదు నిమిషాలు ఆగు. కిందికి వంగి గచ్చు దగ్గర వాసన చూడు. వాసన ఉంటే స్విచ్ వేయొద్దు, ఫ్యాన్ కూడా వేయొద్దు, సిలిండర్ కట్టేసి బయటికి వచ్చి 1906కు ఫోన్ చెయ్. గ్యాస్ లీకేజీ కోసమే పెట్టిన నంబరది, ఏ కంపెనీ సిలిండరైనా పలుకుతారు.

ఇక అమ్మా, మీ సంగతి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. వాల్వు మార్చొద్దు. కనీసం ఇప్పుడే మార్చొద్దు.

పైలట్ ఆరిపోతోందని మమ్మల్ని పిలిచే వాళ్లందరూ మంట గురించే చెబుతారు. ఎప్పుడు ఆరుతోందో చెప్పేవాళ్లు తక్కువ. మీరు చెప్పారు. ఉగాదికి ముందు చేయి తీయగానే ఆరేది. ఇప్పుడు చేయి తీశాక కూడా గంటల తరబడి వెలిగి, మధ్యాహ్నం ఆరుతోంది. ఈ రెండూ ఒకే జబ్బు కాదు.

థర్మోకపుల్ అంటే మంటలో కొన పెట్టుకొని ఉండే రాగి తోక. కొన వేడెక్కితే దాంట్లో కొద్దిగా కరెంటు పుడుతుంది. బ్యాటరీ లేదు, బయటి కరెంటు లేదు, మంట వేడే మూలం. ఆ కరెంటు వాల్వు లోపలి చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. మీరు నాబ్ నొక్కినప్పుడు వాల్వును తెరిచేది మీ వేలే, అయస్కాంతం కాదు. అర నిమిషంలో కొన కాగి, మీ వేలు చేసే పని అయస్కాంతం అందుకుంటుంది. చేయి తీయగానే ఆరిందంటే అయస్కాంతం అందుకోలేదన్నమాట: థర్మోకపుల్ పోయి ఉండాలి, దాని నట్టు లూజై ఉండాలి, లేదా అయస్కాంతమే చెడి ఉండాలి. ఉగాదికి ముందు మీకు జరిగింది అదే. మీ మెకానిక్ అప్పుడు చేసింది సరైన పనే.

ఇప్పుడు మాత్రం పొద్దున నాలుగు నుంచి పదకొండు దాకా అయస్కాంతం బ్రహ్మాండంగా పట్టుకొని ఉంది. వాల్వు చెడితే దానికి పొద్దున, మధ్యాహ్నం అని తేడా ఉంటుందా? మధ్యాహ్నం మారేది వాల్వు కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పడుతుంది, బయట గాలి లేస్తుంది. పైలట్ మంట కొన మీద నుంచి పక్కకు వాలిపోతే కొన చల్లారుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, గ్యాస్ ఆగుతుంది. మీకు వాసన రానిది అందుకే. ఆ వాల్వు తన పని తాను చేస్తోంది, దాన్ని పీకేస్తామంటున్నారు!

వెనక గదిలోకి గాలి రాదు అన్నారు. తలుపులోంచి రాదు సరే. పొగగొట్టం ఎక్కడికి పోతుంది? రేకుల్లోంచి పైకేనా? పక్కింటివాళ్లు కొత్తగా లేపిన గోడ మీ పొగగొట్టానికి ఎంత దూరం, దానికంటే ఎంత ఎత్తు? దుమ్ము సంగతి తర్వాత చూద్దాం, నాకు ఆ గోడ మీదే అనుమానంగా ఉంది.

రేపు మధ్యాహ్నం ఇలా చూడండి. ఫ్యాన్ వేసి ఉన్నప్పుడు, మధ్య తలుపు మూసి ఉన్నప్పుడు, ఓవెన్ వెనక పొగగొట్టం మొదలయ్యే చోట గాలి పీల్చుకునే సందు ఒకటి ఉంటుంది, అక్కడ అగరుబత్తి పెట్టండి. పెద్ద బర్నర్ వెలుగుతుండగానే చూడాలి. పొగ సందులోకి పోతే మంచిది. మీ మొహం మీదికి వస్తే వెంటనే ఫ్యాన్ ఆపి, తలుపు తెరిచి మళ్లీ చూడండి. పైలట్ కనిపించే రంధ్రంలోంచి చిన్న అద్దం పెట్టి మంట ఎటు వాలుతోందో కూడా చూసుకోండి.

ఇంకొకటి అడగాలి. మధ్యాహ్నం ఓవెన్ దగ్గర ఉండేవాళ్లకు తలనొప్పి వస్తోందా?

ఫిజిక్స్_సార్

కడప అన్న చెప్పినదానికి ఒక చిన్న కొలత కలుపుతాను. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడి చేస్తే వోల్టేజి పుడుతుందని 1821లో సీబెక్ గమనించాడు, థర్మోకపుల్‌కు ఆధారం అదే. మీ దాంట్లో పుట్టేది మిల్లీవోల్టుల్లోనే. బాగున్నది విడిగా కొలిస్తే 25, 30 మధ్య చూపిస్తుంది.

మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టండి. వాల్వు దగ్గర థర్మోకపుల్ నట్టు విప్పితే దాని చివర చిన్న బొడిపె కనిపిస్తుంది. ఎర్ర తీగ బొడిపెకు, నల్ల తీగ రాగి గొట్టానికి. నట్టు విప్పి ఉంది కాబట్టి అయస్కాంతం పట్టదు, కొలిచినంతసేపూ ఒకరు నాబ్ నొక్కి పట్టుకోవాలి. 20కి పైన నిలకడగా ఉంటే ఫర్వాలేదు. 10 దగ్గర కొట్టుకుంటుంటే మార్చాల్సిందే.

బిగించేటప్పుడు జాగ్రత్త. వోల్టేజి ఇంత తక్కువ కాబట్టి బొడిపె మీద సన్నటి మురికి పొర ఉన్నా అయస్కాంతానికి చేరే కరెంటు పడిపోతుంది. పొడి గుడ్డతో తుడవండి, గరుకు కాగితంతో గీకొద్దు. నట్టు చేత్తో బిగిసినంత బిగించి, తర్వాత స్పానరుతో పావు చుట్టు చాలు. బలంకొద్దీ తిప్పితే లోపలి ఇన్సులేషన్ నలిగి కొత్త థర్మోకపుల్ కూడా పాడవుతుంది.

బన్ను_బ్రెడ్డు (అనంతపురం)

అన్నా, సార్, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. చెప్పినవన్నీ చూశాం.

పక్కింటి కుర్రాడి దగ్గర మల్టీమీటరు ఉంటే తెచ్చాడు. 27 చూపించింది, ముల్లు పెద్దగా కదల్లేదు. బొడిపె మీద నల్లటి మరక ఉంటే తుడిచి సార్ చెప్పినట్టే బిగించాం. దాంతో థర్మోకపుల్ అనుమానం పోయింది.

అగరుబత్తితోనే అసలు సంగతి తెలిసింది. ఫ్యాన్ వేయకముందు పొగ బుద్ధిగా సందులోకి పోయింది. ఫ్యాన్ వేసి తలుపు మూయగానే ఒక్క క్షణం తటపటాయించి, గదిలోకి తిరిగింది. బయట గాలి గట్టిగా వీచినప్పుడల్లా సందులోంచి వెచ్చటి గాలి బుస్సుమని మొహానికి కొట్టింది. అద్దంలో చూస్తే పైలట్ మంట కొనను వదిలేసి అడ్డంగా పడుకుంటోంది, గాలి తగ్గగానే లేస్తోంది. నాలుగైదు గాడుపులు వరసగా వస్తే మాత్రం లేవలేదు, టిక్కుమని శబ్దం వచ్చి ఆరిపోయింది. ఆ టిక్కు అయస్కాంతం వదలడమేనా? ఇన్నాళ్లూ వింటున్నాం కానీ ఓవెన్ రేకు చల్లబడుతోందని అనుకునేవాళ్లం.

గోడ కొలిచాం. మా పొగగొట్టం రేకుల మీదికి మూరెడు ఉంటుంది, అంతే. కొత్త గోడ దానికి తూర్పున ఆరడుగుల దూరంలో ఉంది, గొట్టం కొస కంటే ఇంకో పదడుగులు పైకి పోయింది.

తలనొప్పి సంగతి మీకెలా తెలిసింది? ఓవెన్ దగ్గర ఉండే పిల్లవాడు ఈ మధ్య రోజూ మూడింటికి తల పట్టుకుని కూర్చుంటున్నాడు. ఎండకు, వేడికి అనుకుని మజ్జిగ ఇస్తున్నాం. ఇంటికి వెళ్లగానే తగ్గిపోతోందట.

గ్యాస్_మెకానిక్_కడప

అమ్మా, ఇవాళ్టి నుంచి పొగగొట్టం సరిచేసేదాకా ఫ్యాన్, ఓవెన్ కలిపి నడపొద్దు. బజ్జీలు మానుకోండి, లేదా బజ్జీల పొయ్యి షాపు ముందుకు మార్చండి. మధ్య తలుపు తెరిచే ఉంచండి, దుమ్ము పడితే పడనీ. అంత చేసినా అగరుబత్తి పొగ మీవైపే తిరుగుతుంటే గాలి ఉన్న వేళల్లో ఓవెన్ కూడా వద్దు, తెల్లవారుజామున కాల్చుకున్నంతే కాల్చుకోండి. ఆ పిల్లవాణ్ణి ఓవెన్ దగ్గర నుంచి పంపించి ఒకసారి డాక్టరుకు చూపించండి. గ్యాస్ ఓవెన్ దగ్గర పనిచేస్తాడని, పొగగొట్టం వెనక్కి తోస్తోందని డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే వాళ్లూ ఎండదెబ్బే అంటారు.

నేను అడిగింది ఇందుకు. పైలట్ ఆరడం మీకు నష్టం, నిజమే. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. పైలట్‌ను పడగొట్టే ఆ గాలి ఉత్తగా రాదు, పెద్ద బర్నర్‌లో కాలిన పొగను కూడా వెంటబెట్టుకొని గదిలోకి వస్తుంది. బయటికి పోవలసిన పొగ మళ్లీ బర్నర్ దగ్గరికే తిరిగితే మంటకు గాలి చాలదు. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు కూడా మండవు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట అది కూర్చుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు. గది వదిలితే తగ్గుతుంది, మళ్లీ వస్తే మళ్లీ మొదలు. పైలట్ ఆరిపోవడం మీ అదృష్టం అనే అంటాను. మీరూ తీగ కట్టి ఉంటే బన్నులు బాగానే కాలేవి, ఆ పిల్లవాడి సంగతి మాత్రం చెప్పలేం.

ఆ టిక్కు అయస్కాంతానిదే.

ఇప్పుడు గోడ సంగతి. ఆషాఢంలో మనకు గాలి పడమర నుంచి. మీ వైపు ఎంత గాలో నాకు తెలుసు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా? ఆ గాలి మీ రేకుల మీదుగా వచ్చి కొత్త గోడకు కొట్టుకుంటుంది. ముందుకు పోయే దారి లేక గోడ ముందు ఒత్తిడిగా పోగవుతుంది. మీ గొట్టం నోరు సరిగ్గా ఆ ఒత్తిడిలో ఉంది. లోపల ఎగ్జాస్ట్ ఫ్యాను గదిలోని గాలిని బయటికి లాగేస్తోంది, తలుపు మూసి ఉంది, కాబట్టి గదికి గాలి కావాలంటే వచ్చే దారి పొగగొట్టం ఒక్కటే. పైనుంచి తోసేవాడు ఒకడు, కిందనుంచి లాగేవాడు ఒకడు. నిరుడు ఆషాఢంలో మీకు ఈ బాధ లేకపోవడానికి కారణం నిరుడు ఆ గోడ లేకపోవడమే.

చేయాల్సింది రెండు పనులు, రెండూ చేయాలి. ఒకటి చేసి ఊరుకుంటే సగం రోజులు బాగుంటుంది, సగం రోజులు మళ్లీ నాకు రాస్తారు.

గొట్టం ఎత్తాలి. పదడుగుల లోపల ఏ గోడ ఉన్నా దాని నెత్తి కంటే రెండడుగులు పైకి పోవాలి. మీ లెక్కన పన్నెండడుగులు పెరుగుతుంది. అంత పొడుగు గొట్టం ఈ గాలికి ఊరికే నిలవదు, మూడు వైపులా తీగలతో లాగి కట్టించండి, లేదా పక్కింటివాళ్లను అడిగి వాళ్ల గోడకే క్లాంపులు వేయించండి. గోడ కట్టింది వాళ్లే కదా, ఆ మాత్రం ఒప్పుకుంటారు. గొట్టం జీఐ రేకుది, ఇప్పుడున్న చుట్టుకొలతే ఉండాలి, సన్నం చేయొద్దు. మధ్యలో వంపులు వద్దు. తప్పకపోతే వాలుగా తిప్పించండి, అడ్డంగా పరుగెత్తించొద్దు. కొసన టోపీ పెట్టించండి. ఊళ్లో రేకు పని చేసేవాళ్లు గిన్నె బోర్లించినట్టు ఒకటి పెట్టేస్తారు, అది వానకు పనికొస్తుంది కానీ గాలికి చాలదు. నోటి చుట్టూ రేకు పట్టీ ఉండి, ఏ వైపు గాలి కొట్టినా ఇంకో వైపు పొగ పోయే రకం చేయించండి.

రెండోది, గదిలోకి గాలి వచ్చే దారి. ఫ్యాన్ ఎంత లాగుతుందో అంత లోపలికి రావాలి. గోడకు కింద, గచ్చుకు జానెడు ఎత్తులో జాలీ పెట్టించండి. కిందే ఎందుకంటే ఎప్పుడైనా గ్యాస్ లీకైనా అటునుంచే బయటికి జారిపోతుంది. కానీ సిలిండర్లు ఉన్న సందువైపు పెట్టొద్దు, అక్కడ లీకైతే అది లోపలికి వస్తుంది. ఓవెన్ పైలట్‌కు ఎదురుగా కూడా పెట్టొద్దు. మూలగా వచ్చేట్టు చూసుకోండి. మీరు అక్కడ ఉంటే మీకే తెలుస్తుంది.

కొందరు మెకానిక్‌లు పైలట్ చుట్టూ రేకు ముక్క కట్టి "గాలి తగలదులే" అంటారు. మంట ఆరదు, నిజమే. పొగ మాత్రం గదిలోకి వస్తూనే ఉంటుంది. గొట్టం సరిచేశాక, ఇంకా అప్పుడప్పుడూ మంట వణుకుతుంటే అప్పుడు రేకు సంగతి చూద్దాం.

సిమెంటు దుమ్ము అన్నారు కదా, గొట్టం పని చేసే రోజే పైలట్ జెట్ కూడా విప్పించండి. దుమ్ము కంటే సాలీడు గూడు ఎక్కువ చూశాను నేను, ఆ సన్నటి గొట్టంలో దానికి ఏం సుఖమో. స్పిరిట్‌లో నానబెట్టి గాలి కొట్టించాలి. స్టవ్ పిన్ను పెట్టి పొడవొద్దు. రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, ఒక్కసారి పెద్దదైందంటే మంట పొడుగై పచ్చబడి మసి పడుతుంది, అప్పుడు జెట్ మార్చాల్సిందే. బిగించాక సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి.

ప్రొద్దుటూరు_పిల్ల

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు అంకుల్. మా ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూంలోనే ఉంది. ఓవెన్ కాదు కానీ, తలుపు వేసుకుని ఎక్కువసేపు స్నానం చేస్తే మా అమ్మకు తల తిరుగుతుంది. బీపీ అనుకుంటున్నాం. ఇది కూడా అలాంటిదేనా? వెంటిలేటర్ ఉంది కానీ చలికాలం అట్ట పెట్టి మూశాం, అలాగే ఉంది.

గ్యాస్_మెకానిక్_కడప

అట్ట ఇప్పుడే తీసెయ్ పాపా. గీజర్ బాత్రూం లోపల ఉండకూడదు, బయట గోడకు పెట్టి వేడి నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోవాలి. అది అయ్యేదాకా బకెట్లో నీళ్లు పట్టుకుని, గీజర్ ఆపి, తలుపు తెరిచి కాసేపు ఆగి, తర్వాత స్నానం చేయమను. అమ్మకు బీపీ ఉందో లేదో డాక్టరు చూస్తాడు, కానీ గీజర్ సంగతి దాని మీదికి నెట్టొద్దు. చిన్న గది, మూసిన కిటికీ, మండే గ్యాస్, ఇవి మూడూ కలవకూడదు.

కర్నూలు_రస్కు

అన్నా, తీగ విప్పాను. విప్పగానే పైలట్ నిలవడం లేదు, చేయి తీస్తే ఆరిపోతోంది. మీ లెక్క ప్రకారం ఇది థర్మోకపులే కదా? అక్కకు వచ్చింది కాదు కదా?

గ్యాస్_మెకానిక్_కడప

సరైన పని చేశావు. అవును, నీది మొదటి రకం. ముందు మంట చూడు. థర్మోకపుల్ కొన మీద అర అంగుళం మేర నీలి మంట చుట్టుకొని ఉండాలి. పొట్టిగా, పచ్చగా ఉంటే జెట్ శుభ్రం చేయించు. మంట బాగుంటే ఫిజిక్స్ సార్ చెప్పినట్టు కొలిపించు. మిల్లీవోల్టులు సరిగ్గా ఉండి, నట్టు శుభ్రంగా ఉండి, అయినా పట్టకపోతే అప్పుడు వాల్వులో అయస్కాంతం. నీ సిలిండరు దగ్గర ఏ రెగ్యులేటర్ ఉందో కూడా చూసుకో. ఇళ్లలో వాడేది ఇచ్చే ఒత్తిడి 30 మిల్లీబార్ చుట్టూ ఉంటుంది. హోటల్ పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. దాన్ని నేరుగా ఇలాంటి ఓవెన్ వాల్వుకు కలిపి ఉంటే పైలట్ బుస్సుమంటూ కొనను వదిలి పైకి లేచి ఆరుతుంది, వాల్వు కూడా నాలుగు రోజుల్లో పోతుంది. బజ్జీల బాణలికి, ఓవెన్‌కు ఒకే పైపులోంచి తీసుకునే షాపులు నేను చాలా చూశాను. నీదీ అలాగే ఉంటే ఓవెన్ ముందు ఇంకో లో ప్రెషర్ రెగ్యులేటర్ వేయించుకో.

బన్ను_బ్రెడ్డు (అనంతపురం)

పని అయిపోయింది, చెప్పాలని వచ్చాను.

పక్కింటివాళ్లు మొదట ముఖం చిట్లించారు, కొత్త గోడకు మేకులేమిటని. పిల్లవాడి తలనొప్పి సంగతి చెప్పాక ఏమీ అనకుండా వాళ్ల మేస్త్రీనే పంపించారు. గొట్టం వాళ్ల గోడ వెంబడి పోయి, నెత్తి దాటి రెండడుగులు పైకి నిలబడింది. రేకు పని ఆయనకు టోపీ బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది, "గిన్నె చాలమ్మా" అనే అన్నాడు. జాలీ దక్షిణం వైపు పెట్టించాం, సిలిండర్లు ఉత్తరం సందులో ఉన్నాయి కాబట్టి.

జెట్‌లో సాలీడు గూడే ఉందన్నా! దుమ్ము లేదు. పలచటి తెల్లటి పొర, గొట్టం లోపల ఒక పక్కకు. స్పిరిట్‌లో వేస్తే ఊడివచ్చింది. మంట ఇప్పుడు ఇంకాస్త నిండుగా ఉంది.

ఫ్యాన్ వేసి, తలుపు మూసి, గాలి జోరుగా ఉన్న మధ్యాహ్నం అగరుబత్తి పెట్టి చూశాం. పొగ సందులోకే పోతోంది. పెద్ద గాడుపు వచ్చినప్పుడు ఒకసారి ఊగుతుంది, వెంటనే సర్దుకుంటుంది. పైలట్ అప్పట్నుంచి ఆరలేదు. పిల్లవాడికి డాక్టరు పరీక్ష చేయించి రెండు రోజులు పనికి పంపొద్దన్నాడు. ఇప్పుడు తలనొప్పి లేదు. వాల్వు తెప్పిస్తానన్న మెకానిక్‌కు అడ్వాన్స్ ఇవ్వకపోవడం మంచిదైంది.

ఒక్కటే మిగిలింది. పై అంతస్తులో కుడి మూల బన్నులు తొందరగా మాడుతున్నాయి. ఇంతకుముందు ఇలా లేదు.

గ్యాస్_మెకానిక్_కడప

సంతోషం అమ్మా. కుడి మూల మాడేది గొట్టం లాగుడు పెరిగినందుకు. ఇదివరకు పోని వేడి ఇప్పుడు ఆ వైపు నుంచి పోతోంది. పొగగొట్టం మొదట్లో చిన్న రేకు పలక ఏదైనా, తిప్పి సర్దేది, ఉందేమో చూడండి. ఉంటే కొద్దిగా మూసే వైపు జరపండి, పూర్తిగా మాత్రం మూయొద్దు. జరిపిన ప్రతిసారీ అగరుబత్తి పెట్టి చూసుకోవాలి. లేకపోతే ట్రేలు మధ్యలో ఒకసారి తిప్పుకోండి, అన్ని బేకరీల్లో చేసేదే.

కార్తీకంలో గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అప్పుడు మీ గోడ గాలికి ముందు ఉంటుంది, గొట్టం వెనక ఉంటుంది. రెండడుగులు దాటించారు కాబట్టి ఏమీ కాదనే అనుకుంటున్నాను. అయినా ఆ నెలలో ఒక మధ్యాహ్నం ఫ్యాన్ వేసి మళ్లీ అగరుబత్తి పెట్టి చూడండి. తేడా కనిపిస్తే గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసి ఇక్కడే రాయండి.